మడక, బాడిస, బండి చక్రం: పాత సేద్యం మీద మోజులో ఏముంది?

తిరుపతి చుట్టుపక్కల రిసార్టుల గేట్ల దగ్గర వార్నిష్ పూసిన ఎద్దులబండి చక్రాలు కనబడతాయి. ఊళ్లో కట్టెగానుగ నూనె దుకాణాలు వెలిశాయి. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు బయటికి వచ్చాక, మన మూల పుట్టిన ఆ పొట్టి ఆవు గురించి దేశమంతా వెతికింది. ఉద్యోగం మానేసి రెండెకరాలు కొని ఎద్దులతో సేద్యం చేస్తామనే కుర్రాళ్ల వీడియోలు, బాడిసతో కొయ్య చెక్కే చేతుల వీడియోలు లక్షల మంది చూస్తున్నారు. వాటి కింద జరిగే వాదన ఎప్పుడూ ఒకటే. ఒకరు ‘అదే బంగారు కాలం’ అంటారు. ఇంకొకరు ‘ఆ కష్టం పడినవాళ్లను అడిగి చూడు’ అంటారు.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. వాదన తెగకపోవడానికి కారణం వాళ్లు వేర్వేరు సంగతుల గురించి మాట్లాడుకోవడమే. ఆ ముడి విప్పాలంటే మడక నుంచే మొదలుపెట్టాలి.

ఒకే మాట కింద మూడు కోరికలు

‘పాత పద్ధతి’ అనే మాట కింద కనీసం మూడు కోరికలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది వస్తువు మీద కోరిక. బండి చక్రం, పాత ద్వారబంధం, గానుగ నూనె, పుంగనూరు ఆవు ఈ కోవలోకి వస్తాయి. డబ్బిస్తే ఇవి ఇంటికి వస్తాయి. రెండోది బతుకు మీద కోరిక. పొద్దున లేచి పొలానికి పోవడం, మధ్యాహ్నం వేపచెట్టు కింద సంగటి తినడం, ఊళ్లో అందరికీ అందరూ తెలిసి ఉండడం లాంటివి. వీటిని కొనడం కుదరదు. పొలం కొన్నంత మాత్రాన ఇవి వెంట రావు. మూడోది పని మీద కోరిక. చేత్తో ఒక వస్తువు చేయడం, దాని ఆకారంలో ప్రతి వంపూ ఎందుకుందో తెలిసి ఉండడం, పాడైతే బాగుచేయగలగడం ఇందులోకి వస్తాయి.

మోజులో చాలా భాగం మొదటిదాని చుట్టూ తిరుగుతోంది. జనాన్ని లోపల నుంచి లాగుతున్నది మాత్రం మూడోదని నా అభిప్రాయం. ఎందుకు అలా అనుకుంటున్నానో చెప్పాలంటే ఒక మడక ఎలా తయారయ్యేదో చూడాలి.

వంకర కొమ్మను గుర్తుపట్టిన కన్ను

మన వైపు నాగలిని మడక అంటారు. నేలను చీల్చే వంపు తిరిగిన మొద్దు, దాని కొసన ఇనుప కర్రు, పట్టుకోవడానికి మేడి, కాడిమాను దాకా పోయే పొడవాటి నొగ, చూడటానికి ఇంతే. కష్టమంతా ఆ వంపులో ఉంది.

తిన్నటి దూలాన్ని రంపంతో వంపుగా కోస్తే చూడటానికి మడకలాగే ఉంటుంది. గట్టి నేలలో రాయి తగలగానే వంపు దగ్గర పుటుక్కున విరుగుతుంది. కొయ్యలో నార చెట్టు పెరిగిన దారిలోనే పోతుంది కాబట్టి, రంపం వంపు దగ్గర ఆ నారను అడ్డంగా తెంపేస్తుంది. అదే చెట్టుకు సహజంగా వంకర తిరిగిన కొమ్మలో నార కూడా వంకరతో పాటే తిరుగుతుంది. మడకకు కావలసింది అలాంటి కొమ్మే. అందుకే గెనిమ (పొలం గట్టు) మీది నల్లతుమ్మను చూసి, ‘ఆ కొమ్మ జోలికి పోవద్దు, మడకకు పనికొస్తుంది’ అని రైతు ఏళ్ల ముందే అనుకునేవాడు. చెట్టు, రైతు, వడ్లాయన (వడ్రంగి) ఒకే ఊళ్లో కలిసి ఉంటేనే ఈ ఎంపిక సాధ్యం.

ఏ పనికి ఏ కొయ్య అన్నదీ అంతే. నల్లతుమ్మ గట్టిది, దెబ్బను ఓర్చుకుంటుంది. అందుకే మడకకూ బండి చక్రానికీ దాన్ని వాడేవాళ్లు. చింతమొద్దు మీద ఎంత కొట్టినా పగలదు, కసాయి దుకాణంలో ఇప్పటికీ దాన్నే చూస్తాం. వేపను పురుగు అంత తొందరగా ముట్టదు. వెదురును కోసి కొన్నాళ్లు చెరువులో నానేసేవాళ్లు. వెదురులోని పిండి పదార్థమే పుచ్చు పురుగుకు ఆహారం, నీళ్లలో అది కొంత కరిగిపోతుంది. కారణం ఈ మాటల్లో చెప్పలేకపోయినా పద్ధతి వాళ్లకు తెలుసు.

వడ్లాయనకు కూలి రోజువారీగా డబ్బుగా అందేది కాదు. కోత అయ్యాక కళ్లంలో ప్రతి రైతూ కొలిచి ఇచ్చే ధాన్యాన్ని మేర అంటారు. ఊరికి పనిచేసి ఇలా వాటా పుచ్చుకునేవాళ్లను ఆయగాండ్లు అనేవాళ్లు. పన్నిద్దరు ఆయగాండ్ల ఏర్పాటు విజయనగర కాలానికే స్థిరపడి ఉంది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి అందులో ఉండేవాళ్లు. ఏడాదంతా మడక విరిగినా, మేడి ఊడినా వడ్లాయన వచ్చి చేయాలి. కొత్త వస్తువు అమ్మడం కంటే పాతదాన్ని నిలబెట్టడమే అతని పనిలో పెద్ద భాగం. బాగుచేయడానికి వీలుగా వస్తువు ఉండడం వెనక ఉన్న ఆర్థిక కారణం ఇది. మళ్లీ మళ్లీ విరిగితే నష్టం చేసినవాడికే, ఎందుకంటే మేర పెరగదు, పని మాత్రం పెరుగుతుంది.

ఎకరా దున్నితే ఇరవై కిలోమీటర్లు

ఇక రెండో పక్షం మాట. ఎద్దుల సేద్యం ఎంత కష్టమో చెప్పడానికి ఒక చిన్న లెక్క చాలు.

ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. నాటు మడక ఒక చాలులో సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు నేలను కదిలిస్తుంది. 4,047ను 0.2తో భాగిస్తే 20,235 వస్తుంది. అంటే ఒక ఎకరాను ఒక్కసారి దున్నడానికి మనిషి, రెండు ఎద్దులు 20 కిలోమీటర్లకు పైగా నడవాలి. అదీ దుక్కి నేలలో, మేడిని అదిమి పట్టుకుని. అడ్డదుక్కి కూడా చేస్తే 40 కిలోమీటర్లు. ఎద్దులు గంటకు రెండున్నర కిలోమీటర్లు నడిచాయనుకుంటే ఒక దుక్కికే ఎనిమిది గంటలు. తెల్లవారుజామున కట్టి ఎండెక్కేలోపు విప్పేస్తే రోజుకు అర ఎకరా నుంచి ముప్పావు ఎకరా.

ట్రాక్టరు వెనక రెండు మీటర్ల వెడల్పు కల్టివేటరు ఉంటే అదే ఎకరాకు రెండు కిలోమీటర్లు తిరిగితే చాలు. గంటలోపు అయిపోతుంది.

మేత లెక్క ఇంకా గట్టిది. 400 కిలోల ఎద్దుకు రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుమేతకు సమానమైన తిండి కావాలి. జతకు రోజుకు 18 కిలోలు అనుకుంటే ఏడాదికి ఆరున్నర టన్నులు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండుంబావు ఎకరాలు. అంత చిన్న మెట్ట కమతంలో ఎద్దులకు ఏడాదిలో రెండు నెలలైనా పని ఉండడం కష్టం. మేత మాత్రం 365 రోజులూ వేయాలి. కరువు ఏడాది గడ్డి కొనాలి. ట్రాక్టరు పని చేసిన గంటకే డీజిలు తాగుతుంది, అదీ చాలాసార్లు పక్కవాడి ట్రాక్టరు.

ఎద్దుల పక్షాన చెప్పవలసినవీ ఉన్నాయి. జత ఎద్దులు రోజుకు ఇరవై కిలోల దాకా పేడ ఇస్తాయి, ఏడాదికి ఏడు టన్నులు. మెట్ట నేలల్లో సేంద్రియ పదార్థం ఎంత తక్కువో తెలిసినవాళ్లకు ఆ దిబ్బ విలువ తెలుసు. బరువైన ట్రాక్టరు తడి నేల మీద తిరిగితే కింది పొర గట్టిపడి నీళ్లు ఇంకవు, ఎద్దుల డెక్కల వల్ల ఆ బెడద తక్కువ. వాన పడి రెండో రోజు పదునులో విత్తాలంటే కొట్టంలో సొంత ఎద్దులున్నవాడు వెంటనే కట్టేస్తాడు, బాడుగ ట్రాక్టరు కోసం కాచుకున్నవాడికి పదును పోతుంది. చిన్న కయ్యల్లో (మడుల్లో), కొండవాలు గెనిమల మధ్య ట్రాక్టరు తిరగనే తిరగదు.

ఎద్దులు తగ్గడానికి ట్రాక్టరు ఒక్కటే కారణం అనుకోవడం కూడా సరికాదు. చిత్తూరు ప్రాంతం పాడికి మళ్లింది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర ఆవులు పాలు ఎక్కువ ఇస్తాయి. వాటికి పుట్టే కోడెదూడలకు మూపురం సరిగా ఉండదు, ఎండకు తట్టుకోలేవు, కాడి కిందికి పనికిరావు. పాలే ఆదాయమైన ఇంట్లో కోడెను మేపే లెక్క కుదరదు. ఆవు మారింది, దానితో ఎద్దు పోయింది, ఎద్దుతో మడక పోయింది, మడకతో వడ్లాయనకు ఊళ్లో పని పోయింది.

చంద్రగిరి మండలం రంగంపేటలో ఏటా పశువుల పండగకు కొమ్ములకు చెక్క పలకలు కట్టి ఎద్దులను వదులుతారు. ఆ పలకల కోసం కుర్రాళ్లు ఎగబడతారు. దుక్కి పోయినా ఎద్దు మీద అభిమానం పోలేదనడానికి అది సాక్ష్యం. పండగ ఎద్దును మేపడం గౌరవం కోసం, దుక్కిటెద్దును మేపడం కూటి కోసం. మొదటిది చూపించి రెండోది బతికే ఉందని చెప్పలేం.

కొయ్య కదులుతుంది, చోటివ్వాలి

వడ్రంగం మీద మోజును అర్థం చేసుకోవడానికి తెలియవలసిన ఒకే ఒక్క శాస్త్ర సత్యం ఉంది. కొట్టేసిన తర్వాత కూడా కొయ్య ఊరుకోదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. అన్ని వైపులా ఒకే తీరున జరిగితే ఇబ్బంది ఉండేది కాదు. పొడవులో మార్పు దాదాపు ఉండదు. వెడల్పులో చాలా ఉంటుంది. అందులోనూ మాను వలయాల వెంబడి వచ్చే మార్పు, మాను నడిమి నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు దాదాపు రెట్టింపు. టేకునే తీసుకుంటే పచ్చికొయ్య పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి సుమారు 5 శాతం, రెండో దిశలో దాదాపు దానిలో సగం తగ్గుతుంది. మిగతా చాలా కొయ్యల కంటే టేకు నయం, అందుకే దానికి అంత పేరు.

ఒక లెక్క వేద్దాం. పన్నెండు అంగుళాల వెడల్పు టేకు పలక. చిత్తూరు మే నెల ఎండలో దానిలో తేమ 10 శాతం, నవంబరు ముసురులో 17 శాతం అనుకుందాం. ఒక్క శాతం తేమకు వెడల్పు 0.18 శాతం చొప్పున మారితే, ఏడు శాతానికి 1.26 శాతం. 305 మిల్లీమీటర్ల పలక దాదాపు 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ పలకను నాలుగు వైపులా మేకులతో, జిగురుతో బిగించేస్తే ముసురులో అది చట్రాన్ని తోసేస్తుంది, లేదా వేసవిలో మధ్యలో పగులుతుంది.

పాత ఇళ్ల తలుపులు చూడండి. చుట్టూ చట్రం, మధ్యలో పలక. చట్రం ముక్కల్లో ఒకదాని కొసను సన్నగా చెక్కి, రెండోదానిలో తొలిచిన బెజ్జంలో దిగగొట్టి, అడ్డంగా కొయ్య మేకు వేస్తారు. మధ్య పలకను మాత్రం గాడిలో ఊరికే జారవిడుస్తారు, జిగురు పెట్టరు. ఏడాది పొడవునా పలక ఆ గాడిలో ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది, తలుపు కొలత మారదు. అందం కోసం చేశారని మనం అనుకునే ఆ గళ్ల తలుపు నిజానికి ఆ నాలుగు మిల్లీమీటర్లకు చోటివ్వడానికి చేసిన ఏర్పాటు.

బండి చక్రం దీనికంటే గొప్పది, ఎంత చెప్పుకున్నా తనివితీరదు. నడుమ కుంభం, దానిలోంచి ఆకులనే కొయ్య చువ్వలు, వాటి కొసలకు వంపు తిరిగిన కొయ్య ముక్కలు, ఆ పైన ఇనుప పట్టా. ఆ పట్టాను మేకులతో కొట్టి నిలబెట్టడం కుదరదు, రాళ్ల దారిలో రెండు రోజులకే ఊడుతుంది. వడ్లాయన చక్రం చుట్టుకొలత తీస్తే, కమ్మరి పట్టాను దానికంటే కాస్త చిన్నదిగా చేస్తాడు. ఐదడుగుల చక్రానికి చుట్టుకొలత సుమారు 4.79 మీటర్లు. పిడకల మంటలో పట్టా వేడిని 500 డిగ్రీలు పెంచితే ఇనుము 28 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, అంగుళం కంటే ఎక్కువ. ఎర్రగా కాలిన పట్టాను నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు కుమ్మరిస్తారు. ఇనుము బిగుసుకుంటూ కీళ్లన్నిటినీ లోపలికి నొక్కేస్తుంది. ఒక్క చుక్క జిగురు లేకుండా టన్ను బరువు మోసే చక్రం తయారవుతుంది.

అదే చక్రం వేసవిలో వదులవుతుంది. కొయ్య ఎండి కుంచించుకుపోతుంది, ఇనుము అలాగే ఉంటుంది. అప్పుడు చక్రాలను విప్పి చెరువులోనో గుంటలోనో నానేసేవాళ్లు. కొయ్య ఉబ్బి పట్టా మళ్లీ బిగుస్తుంది. తలుపులో కొయ్య కదలికకు చోటిచ్చారు, చక్రంలో అదే కదలికను పనికి పెట్టుకున్నారు. రిసార్టు గేటు దగ్గర వార్నిష్ పూసి ఎండలో నిలబెట్టిన చక్రంలో ఈ ఏర్పాటంతా నిద్రపోతోంది. కొన్నేళ్లకు ఆకులు వదులై ఊడుతుంటే, ‘పాతది కదా, పుచ్చిపోయింది’ అంటారు. దానికి కావలసింది నీళ్లు, పని తెలిసిన చెయ్యి.

పని మీద కోరిక అని ముందు అన్నది దీని గురించే. ఈ రోజు మనం వాడే చాలా వస్తువుల్లో ఏ భాగం ఎందుకు అలా ఉందో మనకు తెలియదు, విప్పి చూసే వీలూ లేదు. చక్రంలో ప్రతి ముక్కకూ కారణం కంటికి కనబడుతుంది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మనిషి చిత్రిక పట్టే వీడియో అరగంట చూస్తున్నాడంటే, ఆ ఆకలి నిజమైనదే. దాన్ని వేళాకోళం చేయడం నాకు నచ్చదు.

పాతదిగా చెలామణి అయ్యే కొత్తవి

సరుకుల దగ్గరికి వస్తే విషయం మరింత చిక్కుపడుతుంది. పాతవని అమ్ముడయ్యే వాటిలో కొన్ని ఈ తరంలో పుట్టినవే.

జీవామృతాన్ని చూద్దాం. పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి, పుట్టమన్ను కలిపే ఈ పద్ధతిని రైతుల్లోకి తీసుకొచ్చింది సుభాష్ పాలేకర్. మన రాష్ట్రంలో 2016 ప్రాంతం నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యం కింద దీన్ని ఊరూరా పరిచయం చేసింది. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో వాటా కూడా దక్కింది. మన తాతలు దిబ్బ ఎరువు తోలారు, గొర్రెల మందను కయ్యలో కట్టించారు, చెరువు మట్టి కొట్టారు. ఈ కొలతలతో జీవామృతం కలపలేదు. ఇది కొత్త పద్ధతి అయినంత మాత్రాన తప్పు కాదు, పాతది అనే పేరు మీద కాకుండా పొలంలో ఇచ్చే ఫలితం మీద దాన్ని తూచాలి.

గానుగ నూనె సంగతి ఇంకోలా ఉంటుంది. ఇప్పటి కట్టెగానుగలు చాలావరకు మోటారుతో తిరుగుతాయి. ఇనుప ఎక్స్‌పెల్లర్‌లో రాపిడికి గింజ బాగా వేడెక్కుతుంది, కట్టెగానుగలో వేడి తక్కువ, శెనక్కాయ వాసన నిలుస్తుంది. రిఫైన్డ్ నూనెలో ఆ వాసన, రంగు, విటమిన్ ‘ఇ’లో కొంత పోతాయి. ఇంతవరకూ గానుగ పక్షం సరైనదే. అయితే రిఫైనింగ్‌లో పోయే వాటిలో అఫ్లాటాక్సిన్ కూడా ఉంది. పంట చివర బెట్ట తగిలిన శెనక్కాయలో, తడిసి బూజుపట్టిన కాయలో చేరే విషం అది. రాయలసీమ మెట్ట పంటకు ఆ బెడద కొత్త కాదు. పుచ్చు గింజ ఏరకుండా గానుగ ఆడిస్తే విషం కొంత నూనెలోకీ మిగతాది నూనె తీయగా మిగిలిన పిండిలోకీ పోతుంది, పిండి తిన్న ఆవు పాలలోకి వస్తుంది. నూనె మంచిచెడ్డలు కొయ్య రోకలి కంటే ముందు గింజ ఏరిన చేతి మీద ఆధారపడతాయి.

ధర సంగతీ ఒక లెక్కతో తేలుతుంది. కిలో శెనక్కాయ పప్పు 120 రూపాయలు అనుకుందాం. పప్పులో 45 నుంచి 50 శాతం నూనె ఉంటుంది, గానుగలో వంద కిలోలకు 40 కిలోల దాకా దిగిందనుకుందాం. వంద కిలోలకు 12,000 పెట్టుబడి. మిగిలిన పిండి 58 కిలోలను నలభై చొప్పున అమ్మితే 2,320 వెనక్కి వస్తుంది. 40 కిలోల నూనె అంటే సుమారు 44 లీటర్లు. లీటరుకు గింజ ఖర్చే 220 రూపాయలు పడింది. కూలి, కరెంటు, సీసా, దుకాణం బాడుగ ఇంకా కలపలేదు. ఆ గింజ ధరకు లీటరు 180కే ‘స్వచ్ఛమైన’ నూనె దొరుకుతోందంటే ఈ అంకెల్లో ఏదో ఒకటి మారి ఉండాలి.

పుంగనూరు ఆవు సుమారు మూడడుగుల ఎత్తుండే జాతి. తక్కువ మేతతో, బెట్టలో కూడా బతుకుతూ కొద్దిపాటి చిక్కటి పాలు ఇచ్చేది కాబట్టి బీద రైతు ఇంట్లో నిలిచింది. సంకర ఆవుల రాకతో దాదాపు కనుమరుగైంది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడింది. మోజు పుణ్యమా అని ఇప్పుడు సంఖ్య పెరగడం మంచిదే. కానీ కొనేవాళ్లు అడిగేది ఎంత పొట్టిగా ఉందని. ఇంకా ఇంకా పొట్టివాటిని ఏరి జత కట్టిస్తున్నారు. ఇంటి ముందు తిప్పుకోవడానికి పెంచే ఆవులో, మెట్ట పొలంలో బతకడానికి పనికొచ్చిన గుణాలు ఎన్ని తరాలు నిలుస్తాయన్నదే పశువైద్యులు పట్టించుకోవలసిన ప్రశ్న.

ఎర్రచందనం అనే చిక్కుముడి

మన ప్రాంతపు కొయ్య గురించి మాట్లాడుతూ ఎర్రచందనాన్ని వదిలేయలేం. శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల, నల్లమల కొండల్లో, వాటి చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు. నీళ్లలో మునిగేంత బరువు దాని చేవ (మాను నడిమి గట్టి కొయ్య). తిరుపతి కొయ్యబొమ్మల జంటకు ఆ ఎరుపే గుర్తింపు.

1995 నుంచి ఇది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ దీన్ని 2018లో ముప్పుకు దగ్గరలో ఉన్న వర్గంలోకి మార్చి, 2021లో మళ్లీ అంతరించే ప్రమాదమున్న వర్గంలో పెట్టింది. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఇంత కాపలా ఉన్నా దొంగరవాణా వార్త లేని నెల ఉండదు, ఎందుకంటే గిరాకీ అంతా సముద్రం అవతల ఉంది. మధ్యలో నలిగిపోయేది స్థానిక బొమ్మ చెక్కేవాడు. చట్టబద్ధమైన దుంగ అతనికి దొరకాలి, దొరికినా కాగితాలు సరిగా ఉండాలి. సొంత పట్టా భూమిలో నాటుకున్న రైతుకు కూడా నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. పైగా చేవ పట్టడానికి పాతికేళ్లకు పైగా ఆగాలి.

ఆంక్షలు సడలిస్తే సాగు పెరుగుతుందని కొందరు అంటారు, సడలిస్తే అడవి దుంగే పట్టా దుంగ పేరుతో బయటికి పోతుందని ఇంకొందరు అంటారు. నరికిన దుంగను చూసి అది అడవిదో పొలానిదో చెప్పడం కష్టం కాబట్టి రెండో భయాన్ని తేలిగ్గా తీసుకోలేం.

తీపి ఎవరికి, చేదు ఎవరికి

బతుకు మీద కోరిక దగ్గర నిజాయితీగా ఆగాలి. తెల్లవారుజామున మూడింటికి లేచి రాగులు విసిరిన ఆడవాళ్లకు, రోకటి పోటుకు చేతులు బొబ్బలెక్కినవాళ్లకు మిక్సీ, పిండిమర ఎంత వరమో వాళ్లే చెప్తారు. కపిల (ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట) తోలడానికి బడి మానిన పిల్లలున్నారు. కళ్లంలో మేర కొలిచిన చోటే ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరికి చివర ఇవ్వాలి అన్న లెక్కలూ ఉండేవి. వడ్లాయన కొడుకు వడ్లాయనే కావాలి. దుక్కి దున్నినవాళ్లలో చాలామందికి ఆ నేల సొంతం కాదు. ఆ ఇళ్లలో పుట్టి చదువుకుని బయటపడినవాళ్లు ‘పాత రోజులు’ అనే మాట వింటే మొహం తిప్పుకుంటారు. వాళ్ల మాటను ఎవరూ కాదనలేరు.

పనితనాన్ని, అది పుట్టిన కట్టుబాటును విడదీయగలమా అన్నది అసలు ప్రశ్న. విడదీయవచ్చని చెప్పే ఉదాహరణ తిరుపతిలోనే ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం 1960లో మొదలుపెట్టిన సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో రాతి శిల్పం, సుధాశిల్పం (సున్నపు గారతో చేసేది), లోహ శిల్పం, కలంకారీతో పాటు కొయ్య శిల్పం కూడా నేర్పుతారు. తండ్రి వడ్రంగి కాకపోయినా నేర్చుకోవచ్చు. ఇలాంటి చోట సీటు కోసం వచ్చే పిల్లలను చూస్తే నాకు నిజంగా ఆశ కలుగుతుంది.

పని ఎక్కడ మిగిలింది

చేతిపని మిగిలిన చోట్లు చూస్తే ఒక పోలిక కనబడుతుంది. శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాలలో ఇంటింటా ఉలి శబ్దం ఉందంటే దేవుడి బొమ్మలకు, ద్వారాలకు, వాహనాలకు గిరాకీ ఆగకపోవడమే కారణం. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రథం కదలాలి. ఏటా కదలాలి కాబట్టి దాని చక్రం, ఇరుసు, కీళ్లు చూసేవాళ్లు ఎప్పుడూ ఉండాలి. ఒక్కసారి కొని గేటు దగ్గర పెట్టుకునే చక్రం ఏ వడ్రంగికీ రెండోసారి పని ఇవ్వదు.

ప్రభుత్వ సాయాన్ని కూడా ఇదే కోణంలో చూడాలి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తులకు వర్తిస్తుంది, వడ్రంగం అందులో ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో మూడు లక్షల దాకా అప్పు ఇస్తుంది. పనిముట్లు కొనలేనివాడికి ఇది పెద్ద ఊతం. అయితే ప్లైవుడ్ అల్మారాలు బిగించే పని తప్ప ఊళ్లో ఇంకో పని లేనప్పుడు బాడిస కొత్తదైనా మూలన పడుతుంది. అప్పు తీర్చాల్సింది ఆర్డర్లతోనే.

సేద్యంలో ఈ విద్య పూర్తిగా పోలేదు, ఇనుములోకి మారింది. శెనక్కాయ విత్తే పాత గొర్రుకు కొయ్య దూలం, దానికి పళ్లు, జడ్డిగంలో గింజలు పోస్తే వెదురు గొట్టాల్లోంచి చాళ్లలో పడేవి. ఇప్పుడు ఆ గొర్రును ట్రాక్టరుకు తగిలించేలా రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో చేస్తున్నారు. మెట్ట శెనక్కాయకు చాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉంటే ఎకరాకు సుమారు లక్షా ముప్పై ఐదు వేల మొక్కలు వస్తాయి. పళ్ల ఎడం ఒక్క అంగుళం తప్పితే ఆ సంఖ్య మారిపోతుంది, వాలు తప్పితే గింజ పైపైన పడి ఎండిపోతుంది. ఈ కొలతలు చాలావరకు కొయ్య గొర్రు నుంచే వచ్చాయి. వెల్డింగ్ కుర్రాడు రైతును పక్కన నిలబెట్టుకుని, అతని నేల ఎర్రదా, గరపదా, రాళ్లెన్ని అని అడిగి పళ్లు వంచుతాడు. విరిగితే మళ్లీ అతని దగ్గరికే తెస్తారు. కొయ్య మారి ఇనుము వచ్చింది, మేర మారి రూపాయి వచ్చింది, చేసినవాడూ వాడేవాడూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం మాత్రం అక్కడ ఇంకా జరుగుతోంది.